వల మీద ఎలుకలు

చీరాలలో మా మ్యాచింగ్ సెంటర్‌కి వచ్చేవాళ్ళు ఈ మధ్య జాకెట్టు గుడ్డ సంగతి తర్వాత, ముందు బెంగళూరు కబుర్లు చెప్పమంటున్నారు. చల్లగా ఉందా, పెద్ద మాల్స్ చూశావా, చీరలేం తెచ్చుకున్నావ్ అని. చల్లగానే ఉంది. మాల్ ఒక్కటీ చూడలేదు. చీర కొనలేదు సరికదా, కట్టుకెళ్ళిన వాటిలో ఒకటి పాడు చేసుకుని వచ్చాను. చూసింది చెప్పబోతే సగం మంది ముఖం చిట్లిస్తున్నారు, మిగతా వాళ్ళు "పొద్దున్నే ఆ పిట్ట పేరెందుకమ్మా" అని చెవులు మూసుకుంటున్నారు. అందుకని నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను. రాస్తే మధ్యలో అడ్డం పడేవాళ్ళు ఉండరు.

నేను అంత తేలిగ్గా బెదిరే మనిషిని కాను. ఉప్పెన వస్తుందంటే కూడా షాపు షట్టరు సగం దించి బేరం ముగించుకుని వెళ్ళిన దాన్ని. అలాంటిది ఆ ఊళ్ళో నాకు మాట పడిపోయింది. ఒక్కసారి కాదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, శుక్రవారం

మా చెల్లెలు సుధ ఉండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక నాలుగంతస్తుల అపార్టుమెంటులో, మూడో అంతస్తు. వీధి నిండా చెట్లే. మా మెయిన్ రోడ్డు మొత్తానికి లేనన్ని చెట్లు అక్కడ ఒక్క సందులో ఉన్నాయి. ఆటో దిగి తలెత్తి చూస్తే మాత్రం వింతగా అనిపించింది. ఎదురింటి బాల్కనీకి వల. పక్కింటికి వల. ఆ పై ఇంటికీ వలే. మా వైపు వల అంటే ఓడరేవులో పడవల పక్కన ఆరేసి ఉంటుంది, దగ్గరికెళితే చేపల కంపు కొడుతుంది. ఇక్కడ మనుషులు వల లోపల కుర్చీలు వేసుకుని ఫోన్లు చూసుకుంటున్నారు.

"పావురాల కోసం వదినా" అన్నాడు మా మరిది కిరణ్.

"పట్టుకోవడానికా?"

"రాకుండా ఉండటానికి."

కిరణ్ ఆ అపార్టుమెంటు కమిటీకి సెక్రటరీ. ఆఫీసులో ఎంత పెద్ద ఉద్యోగమో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం లిఫ్టు గురించి, నీళ్ళ ట్యాంకరు గురించి, ఎవరి కారు ఎవరి స్థలంలో ఉందనే దాని గురించి రోజంతా ఫోన్లో తగువులు తీరుస్తూ ఉంటాడు. మంచివాడు. ఎవరినీ నొప్పించకూడదనుకుంటాడు, అదే అతని తంటా.

టిఫిన్‌కి వీధి చివరి హోటల్‌కి తీసుకెళ్ళారు. పళ్ళెమంత వెడల్పు ఇడ్లీ తెచ్చి పెట్టారు, తట్టె ఇడ్లీ అంటారట. ఇడ్లీకి వంక పెట్టలేను. సాంబారు నోట్లో పోసుకున్నాక మాత్రం వంటవాడు ఏదో పొరపాటు చేశాడనుకున్నాను. పొరపాటు కాదు, బెల్లం వేస్తారు. కారప్పొడి అడిగితే సర్వరు నన్ను జాలిగా చూశాడు. కాఫీ పదిహేను రూపాయలు, గ్లాసేమో బొటనవేలంత. అయినా రెండోది తాగాను, అంత బాగుంది.

ఇంటికొచ్చి స్నానానికి వెళ్ళాను. చెంబు చేతిలో పట్టుకునే ఆగిపోయాను. కిటికీ అవతల నుంచి బుస్స్‌మని శబ్దం. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. సిలిండరు లీకవుతోందని కేకలు వేసుకుంటూ తడి కాళ్ళతో బయటికి పరిగెత్తాను.

"గ్యాసు కాదక్కా, డక్టులో పైపు" అని సుధ నవ్వింది. డక్టు అంటే బాత్‌రూముల వెనక నీళ్ళ పైపులు దిగే సన్నటి ఖాళీ, కింది నుంచి టెర్రస్ దాకా బావిలా ఉంటుంది. వారం రోజులుగా ఆ శబ్దం వస్తోందట, రెండు రోజుల నుంచి మరీ ఎక్కువైందట. ప్లంబరు వచ్చి చూసి పైపులో గాలి పట్టిందన్నాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ అదే మాటన్నాడు. మూడోసారి వినిపించడానికి సుధ ఫోన్లో రికార్డు చేసి పెట్టింది.

"దానికి తోడు టెర్రస్ మీద ఏదో కుళ్ళు కంపు అని కంప్లైంట్లు" అన్నాడు కిరణ్. "డక్టుకి పైన బుధవారమే వల కట్టించాం. ఇంకా పావురాలు ఏం తెచ్చి పడేస్తున్నాయో."

వర్తూరు, శనివారం

మర్నాడు సుధ నన్ను వర్తూరు చెరువు చూపిస్తానని తీసుకెళ్ళింది. వర్తూరు ఒకప్పుడు వేరే ఊరట. ఇప్పుడు నగరం వచ్చి దాని మీద కూర్చుంది. రాగులు పట్టే పిండిమర పక్కనే అద్దాల బిల్డింగు, దాని నీడలో గేదె. చెరువు గట్టు మీద కదిరి వైపు నుంచి కూలికి వచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నం సద్ది విప్పుకుని కూర్చున్నారు. తెలుగు వినబడగానే నా ప్రాణం లేచి వచ్చింది. పలకరిస్తే "రాక్కా, సంగటి తినిపో" అన్నారు. ఉత్త మర్యాదకి కాదు, ముద్ద విరిచి చేతిలో పెట్టారు. ఊరుబిండి అంటారట, ఆ పచ్చిమిరప పచ్చడితో నిన్నటి సాంబారు పాపం అంతా కడుక్కుపోయింది.

చేయి కడుక్కుందామని నీళ్ళ దగ్గరికి దిగాను. ఒడ్డంతా పూజ సామాను. వాడిన దండలు, పగిలిన పటాలు, అన్నీ కవర్లతో సహా. మేమూ పూలు కాలవలోనే కలుపుతాం, కవరు కూడా కలపడం మాకూ అలవాటైందిలెండి. ఆ కుప్ప పక్కన ఏదో కొట్టుకుంటోంది. గుడ్డికొంగ. దండ కట్టిన నైలాను దారం దాని కాలికి చుట్టుకుని, ఆ దారం ముళ్ళకంపకి పట్టుకుని, తలకిందులుగా వేలాడుతోంది. ఎగరబోయిన ప్రతిసారీ దారం ఇంకా లోపలికి దిగుతోంది. చుట్టూ నలుగురు నిలబడి ఫోన్లతో వీడియో తీస్తున్నారు. ఒకాయన మాత్రం జాలిపడి, సీసా మూత తీసి దాని ముక్కులో నీళ్ళు పోయబోతున్నాడు.

"వద్దన్నా! నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి!"

గట్టు మీద నుంచి ఒక అమ్మాయి జారుకుంటూ దిగింది. చున్నీ తీసి కొంగ మీద కప్పింది, అది వెంటనే కదలడం మానేసింది. "అక్కా, సల్లగా పట్టుకో. ముక్కు నీ వైపు రానీకు" అని నా చేతిలో పెట్టింది. ఎవరి చేతిలో పెడుతోందో చూడను కూడా లేదు. అంత రెక్కలున్న పక్షి, బరువే లేదు. గుండె మాత్రం నా అరచేతిలో దడదడ కొట్టుకుంది. ఆ అమ్మాయి గోళ్ళు కత్తిరించుకునే కత్తెరతో దారం ఒక్కొక్క పోగూ తెంచింది. కాలి మీద చర్మం లేదు. అట్టపెట్టెకి నాలుగు బొక్కలు పెట్టి అందులో కూర్చోబెట్టి మూత వేసింది.

పేరు షాహీన్, ఊరు కర్నూలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, శని ఆదివారాలు ఇంకొందరితో కలిసి, దెబ్బ తగిలిన పిట్టల కోసం ఇలా ఎవరైనా ఫోన్ చేస్తే వెళ్తుందట.

"పెద్ద పనేం కాదక్కా" అంది. "పూలు వేసేటప్పుడు దారం తెంచి ఇంట్లో పడెయ్యమంటాం. దెబ్బ తగిలిన పిట్టని పెట్టెలో పెట్టి, చీకట్లో ఉంచి, మాకు కాల్ చెయ్యమంటాం. పాలు తాగించొద్దు, పసుపు పుయ్యొద్దు అంటాం. అంతే. కానీ అందరికీ ముందు పాలే గుర్తొస్తాయి. మీ బిల్డింగుల్లో కూడా ఎన్నో ఉంటాయి, మీకు వినపడవు."

"మా వాళ్ళ బిల్డింగులో పైపు తప్ప ఏదీ వినపడదు" అని నేను నవ్వి, సుధని ఆ రికార్డింగు పెట్టమన్నాను. ఉత్త సరదాకి.

షాహీన్ విన్నది. మళ్ళీ పెట్టమంది. ముఖం మారిపోయింది.

"ఇది పైపు కాదక్కా. గుడ్లగూబ పిల్లలు. ఆకలికి అట్లా అరుస్తాయి." వెంటనే అడిగింది, "తల్లి రావడానికి పైన ఓపెన్‌గానే ఉంది కదా?"

సుధ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. బుధవారం కట్టిన వల గురించి ఆ అమ్మాయికి ఎవరం చెప్పాలో మాకు తెలియలేదు.

టెర్రస్

తిరుగుదారిలో ట్రాఫిక్ గురించి రాయను. బెంగళూరు ట్రాఫిక్ గురించి చదవని తెలుగువాళ్ళు ఉంటారని నేను అనుకోను. వల సంగతి చివరికి సుధే చెప్పింది. షాహీన్ కొంగని డాక్టరు దగ్గర దించి సాయంత్రానికి వస్తానంది. అప్పటిదాకా పిల్లల్ని తియ్యకండి, ఏమీ పెట్టకండి, వల మాత్రం ముందు విప్పండి అని పదిసార్లు చెప్పింది.

కిరణ్‌ని వెంటబెట్టుకుని నేరుగా టెర్రస్ ఎక్కాం. డక్టు మూతికి అడ్డంగా బిగించి కట్టిన వల.

దాని మీద ఎలుకలు ఉన్నాయి.

చచ్చిన ఎలుకలు, ఒకదాని పక్కన ఒకటి. మొదటిది ఎండి అట్టలా అయిపోయింది, చివరిది నిన్న రాత్రిది. అన్నీ ఒక్కచోటే. తొంగి చూస్తే సరిగ్గా వాటి కిందే, నాలుగో అంతస్తు కిటికీ పక్కన, సిమెంటు గట్టు. బుస అక్కడి నుంచే వస్తోంది.

తల్లి వేటాడి తెచ్చింది. దిగడానికి దారి లేదు. పిల్లలు కింద అరుస్తున్నాయి. తెచ్చింది వల మీద పెట్టి వెళ్ళి, మళ్ళీ తెచ్చింది. మర్నాడు మళ్ళీ. వల తాళ్ళకి తెల్లటి ఈకలు ఇరుక్కుని ఉన్నాయి, దూరడానికి ఎంత పెనుగులాడిందో.

నేను అక్కడే గచ్చు మీద కూలబడ్డాను. సుధ ఏడుస్తోంది. కిరణ్ ముక్కు మీద నుంచి చేయి తీసి, "వాసన అని కంప్లైంట్ ఇచ్చింది దీని గురించా" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"విప్పు" అన్నాను.

"ఇప్పుడే విప్పుతాను వదినా, కానీ సావిత్రమ్మ గారికి చెప్పకుండా ఎలా? డక్టుకి వల కట్టమని ఏడ్చినంత పని చేసింది ఆవిడే. వాళ్ళాయన గుండె ఆపరేషనై ఇంటికొచ్చి ఉన్నాడు. రేపు ఆయనకేమైనా అయితే నా మీదికొస్తుంది."

సావిత్రమ్మ గారి వంటిల్లు

సావిత్రమ్మ గారిది నాలుగో అంతస్తు. తాతల నాడే హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. వాళ్ళాయన బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కోడిగుడ్డు కూడా అడుగు పెట్టని శాకాహారులు. కొత్త మనిషినని చూసి, వద్దంటున్నా కాఫీ కలిపింది.

"ఆ గూబ కిటికీ కాడ కూర్చున్న వారమే ఈయనకు ఎదనొప్పి వచ్చిండాది" అంది గొంతు తగ్గించి. "ఆపరేషన్ ముగించుకోని ఇంటికి తోడుకోనొస్తే, మళ్ళా అక్కడే కూర్చోనుండాది. నన్నే చూస్తా. ఎట్ల ఊరుకుండేది చెప్పండమ్మా?"

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మా ఇంటి మీద గుడ్లగూబ అరిస్తే మా అమ్మ పొయ్యిలో ఉప్పు వేసేది. మా ఇంటి ఎదురుగా ఉండే టీచరు గారు చెప్పు తిరగేసి పెట్టేవారు. నేనూ ఆ ఉప్పు చిటపటలు వింటూ పెరిగినదాన్నే.

"దానికి పిల్లలున్నాయండీ, లోపల" అన్నాను.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "తెలుసు" అంది.

"తెలుసా?"

"తెలీకుండా ఎట్లుంటాదమ్మా, నా కిటికీ పక్కనే కదా ఉండేది. పెద్దది రాకూడదని వల అడిగినా, అంతే. పిల్లలేం చేసినాయి పాపం. ఇంట్లో మనిషి మంచాన ఉన్నప్పుడు పసివాటి ఉసురు పోసుకుంటానా? దినామూ అన్నం పెడతానే ఉండాను."

"ఏం అన్నం?"

"పెరుగన్నం."

ఇది చదివేవాళ్ళు నవ్వుతారని నాకు తెలుసు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ లేచి, వంటింటి వెనక పంపు దగ్గరున్న కిటికీ తెరిచి చూపించింది. గట్టు చేతికి అందదు. అందుకని ఇల్లు తుడిచే కర్రకి ఒక స్టీలు గరిటె తాడుతో కట్టి పెట్టుకుంది. మెత్తగా పిసికి, ఉప్పు వెయ్యకుండా, అరగడానికని కాసిని పాలు పోసి, పొద్దునా సాయంత్రం ఆ గరిటెతో అందిస్తోంది. ఎలుకల్ని తినే పిల్లలకి.

గట్టు మీద మూడున్నాయి. తెల్లటి ముఖాలు, తమలపాకు ఆకారంలో. రెండు లేచి నిలబడి మా వైపు తలలు అటూ ఇటూ ఊపుతూ బుసకొట్టాయి. ముక్కుల మీద, గుండెల మీద, కాళ్ళ కింద ఎండిపోయిన అన్నం. మూడోది గోడ వైపు తిరిగి ఉంది.

"అది పొద్దున్నుంచి పడుకోనుండాది" అంది సావిత్రమ్మ గారు.

సుధ వీడియో కాల్‌లో షాహీన్‌కి చూపించింది. ఆ అమ్మాయి ఫోన్ ఇంకా దగ్గరగా పెట్టమంది. తర్వాత మెల్లగా, "అమ్మా, అది పోయింది" అంది.

సావిత్రమ్మ గారు గరిటె కర్ర పట్టుకుని అలాగే నిలబడింది. ఫోన్ వైపు కాదు, నా వైపు తిరిగింది.

"నా అన్నమేనా?"

షాపులో ఎవరైనా రంగు కుదరలేదంటే పది సమాధానాలు చెప్తాను, ఆ ఒక్క ప్రశ్నకి ఒక్కటీ దొరకలేదు. చివరికి, "ఆకలమ్మా" అన్నాను. "వాళ్ళమ్మ తెచ్చిన తిండి పైన వల మీదే ఎండిపోయింది. వరసగా పెట్టి వెళ్ళింది. మేం ఇప్పుడే చూసొచ్చాం."

"తెచ్చిండాదా?" అంది ఆవిడ. "దినామూనా?"

"రోజూ."

షాహీన్ ఫోన్లోంచి చెప్పింది. మిగిలిన రెండూ బాగా నీరసించాయి, తను తీసుకెళ్ళినా నిలుస్తాయన్న నమ్మకం లేదు, నిలిచినా పంజరంలోనే. ఈ పొద్దు చీకటి పడ్డాక తల్లి దిగితేనే వాటికి దారి.

లోపల గదిలోంచి ఆయన కేక వేశాడు. "ఎవరే వచ్చింది?"

"కిందింటోళ్ళు. సుమ్నె, ఊరికే వల సంగతి మాట్లాడతా ఉండాం" అని జవాబిచ్చి, ఆవిడ కిరణ్‌తో అంది, "కోసెయ్యప్పా. కానీ ఆయనకు తెలీకూడదు. గూబ అని పేరు కూడా ఎత్తొద్దండి. నాకంటే ఆయనకే భయం జాస్తి."

పార్కింగ్

కిరణ్ బ్రెడ్డు కోసే కత్తితో వల కోశాడు. ఎలుకల్ని చీపురుతో పళ్ళెంలోకి తీస్తుంటే షాహీన్ నుంచి మళ్ళీ ఫోన్. "అన్నా, మీ బిల్డింగులో ఎలుకల మందు పెట్టినారా?"

కిరణ్ చీపురు వదిలేశాడు. పెట్టడమేమిటి, కిందటి నెల కమిటీలో తీర్మానం చేసి మరీ పెట్టించాడు.

ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదట. రెండు మూడు రోజులు తూలుతూ తిరుగుతుంది. తూలే ఎలుక గుడ్లగూబకి తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబ రక్తం కక్కుకుని పోతుంది, పిల్లలకి పెడితే అవీ పోతాయి. ఎలుకలకి విరుగుడు పైన గట్టు మీద ఊరికే దొరికితే, దాన్ని వల కట్టి బయట పెట్టి, దాని నోట్లోకి మందు పంపాం. అసలు తల్లి ఇంకా బతికే ఉందా అని కిరణ్ అడిగాడు. ఏమోనన్నా, సాయంత్రం తెలుస్తాది అంది షాహీన్.

చీకటి పడేలోపు మందు ముక్కలన్నీ ఏరెయ్యాలి. చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని పార్కింగ్‌లో పడ్డాం. కార్ల కింద, మీటర్ల వెనక, మెట్ల కింద గులాబీ రంగు ముక్కలు, పిల్లలు చాక్లెట్టు అనుకునేలా ఉన్నాయి. సెక్రటరీ గారు కారు కింద బోర్లా పడుకుని పాకుతుంటే కాపురాలవాళ్ళు బాల్కనీల్లోంచి, వలల్లోంచి, చూస్తున్నారు. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో మెసేజ్ పెట్టారట, మందు తీసేస్తే ఎలుకలకి బాధ్యత ఎవరిదని. కిరణ్ కారు కింద నుంచే టైపు చేశాడు: "గుడ్లగూబది." ఆ మనిషిలో అంత ధైర్యం ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

నేను మోటారు గది మూల చేయి పెట్టబోయి కాలు దేని మీదో వేశాను. చెప్పు రాలేదు. లాగితే చీర కుచ్చిళ్ళు కూడా అతుక్కున్నాయి. జిగురు అట్ట. ఎలుకల కోసమే ఇదీ. అదే అట్ట మీద, నా చీర అంచు పక్కన, ఒక బల్లి పిల్ల నాలుగు కాళ్ళూ పరుచుకుని అంటుకుపోయి, కళ్ళు మాత్రం తిప్పుతోంది. అరిచాను, సిగ్గులేకుండా. సుధ పైకి పరిగెత్తి వంటనూనె తెచ్చింది. నూనె రాస్తే జిగురు వదులుతుందని షాహీన్ చెప్పిందట. ముందు బల్లికి, తర్వాత నాకు. బల్లి బతికి గోడ మీదికి పోయింది. చీర బతకలేదు.

చీకటి పడే వేళ

షాహీన్ వచ్చేసరికి పొద్దు వాలింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, రెండు పిల్లల ముక్కులు తడిగుడ్డతో తుడిచి, అన్నం మెతుకులన్నీ ఏరేసింది. చచ్చిపోయిన దాన్ని తీసింది. సావిత్రమ్మ గారు ఉతికిన పాత పంచె ముక్క చించి ఇచ్చింది, అందులో చుట్టింది.

డక్టు వైపు లైట్లు వెయ్యొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాం. చిత్రం, ఒక్కరు కూడా కాదనలేదు. అందరం సావిత్రమ్మ గారి వంటింట్లో గచ్చు మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాం. పిల్లలు బుసకొడుతూనే ఉన్నాయి, మధ్యాహ్నం కంటే నీరసంగా. నేను చూస్తున్నది ఆకాశపు ముక్క ఒక్కటే, డక్టు మూతి మీద, నీలం పోయి నలుపవుతోంది.

వచ్చింది. చప్పుడు లేదు. డక్టు మూతి అంచు మీద తెల్లగా ఏదో వాలింది. సుధ నా చేయి నలిపేసింది. బతికే ఉంది. కాళ్ళ కింద ఏదో పట్టుకుని ఉంది కూడా.

కానీ దిగలేదు. తల వంచి చూసింది, లేచిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ చూసింది, మళ్ళీ పోయింది.

"ఆ వెలుగు కదులుతాందే, దానికి జంకుతాందేమో" అని షాహీన్ గొణిగింది. "చెప్పలేను."

అప్పుడు చూశాను. వంటింటి మూల దేవుడి గూట్లో దీపం. ఆ వెలుగు కిటికీలోంచి పోయి గట్టు మీది గోడ మీద పసుపు రంగులో వణుకుతోంది. బల్బులన్నీ ఆర్పించిన మాకు ఆ దీపం కంటికి ఆనలేదు. ఆనినా ఎవరం అడగగలిగేవాళ్ళం కాదు. ఆపరేషన్ గదిలోకి ఆయన్ని తీసుకెళ్ళిన పూట వెలిగించిందట ఆవిడ. ఆయన లేచి తిరిగేదాకా ఆరనివ్వనని మొక్కు. రాత్రిళ్ళు లేచి నూనె పోస్తూ నిలుపుకుంటూ వస్తోంది.

పళ్ళెం అడ్డం పెడితే సరిపోయేది. అదే తోచి నేను గోడ పట్టుకుని లేవబోతున్నాను. సావిత్రమ్మ గారు నాకంటే ముందు లేచింది. గూటి ముందు నిలబడి ఒక్క దండం పెట్టి, పువ్వు తీసి వత్తి మీద నొక్కింది.

మా ఇళ్ళల్లో దీపం ఆరిందనే మాట కూడా అనం, కొండెక్కిందంటాం. అలాంటిది ఈవిడ తన చేత్తో, ఆయన అవతలి గదిలో ఉండగా, ఏ పక్షికి భయపడి వల కట్టించిందో ఆ పక్షి కోసం.

చీకట్లో మాకు ముందు తెలిసింది పిల్లల అరుపే. ఒక్కసారిగా రెట్టింపైంది. కిటికీ పక్క నుంచి గాలి తెర ఒకటి ముఖానికి తగిలింది. గట్టు మీద పెద్ద తెల్లముఖం, దాని కింద రెండు చిన్న ముఖాలు. ఒక అరుపు ఠక్కున ఆగింది, నోటి నిండా ఏదో పడినట్టు. రెండోది ఇంకా అడుగుతోంది. సావిత్రమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీకి మూరెడు దూరంలో, రెప్ప వేయకుండా చూస్తోంది.

లోపలి నుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఏమే, దీపం వెలుగు కనపడలే. ఆరిపోయిందా ఏమి?"

కిరణ్ ఏదో అబద్ధం చెప్పబోయాడు. ఆవిడ చేత్తో వారించింది.

"ఆరలేదు. నేనే కొండెక్కించినా."

"యాలనే?"

"ఒక తల్లి వచ్చిండాది, పిల్లలకు తిండి పెట్టుకోను. వెలుగుంటే దిగనంటాది. అది పోయినాక మళ్ళా ముట్టిస్తా. నువ్వు గమ్మున పడుకో."

తర్వాత మంచం కిర్రుమంది.

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు" అంది సావిత్రమ్మ గారు. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇద్దరుండారు."